నిజమైన ఆటల నుంచి తీసిన చెస్ పజిల్స్‌లో గెలుపు ఎత్తును కనిపెట్టడం ఎలా?

చెన్నైలో పెరంబూరులోనో, టి.నగర్‌లోనో, వలసరవాక్కంలోనో ఏ తెలుగు ఇంట్లో చదరంగం నేర్చుకునే పిల్లలున్నా, అక్కడ రోజూ కొన్ని పజిల్స్ చేయడం ఇప్పుడు అలవాటుగా స్థిరపడింది. 2013లో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ టైటిల్ కోసం తలపడింది ఈ నగరంలోనే. 2022లో చెస్ ఒలింపియాడ్ జరిగింది ఇక్కడికి దగ్గరలోని మామల్లపురంలో. ఇక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో ప్రపంచ చాంపియన్ కావడంతో ఆ ఉత్సాహం ఇంకా పెరిగింది. అయితే తల్లిదండ్రుల నుంచీ, పెద్దయ్యాక ఆట మొదలుపెట్టినవారి నుంచీ తరచుగా వినబడే బాధ ఒకటుంది: ఫోన్‌లో పజిల్ రేటింగ్ పెరుగుతూనే ఉంటుంది కానీ, టోర్నమెంట్‌లో అచ్చం అలాంటి అవకాశమే వచ్చినప్పుడు ఆ ఎత్తు కంటికి ఆనదు.

దీనికి కారణం సాధన చేసే తీరులోనే ఉంది. పజిల్ ముందుకు రాగానే ఇందులో గెలిపించే ఎత్తు ఒకటుందని మనకు ముందే తెలిసిపోతుంది. ఆ భరోసాతో మెరుపులాంటి ఎత్తు కోసం వెతుకుతాము, మంత్రిని (క్వీన్) బలి ఇచ్చే దారి ఏదైనా కనబడితే వెంటనే ఆడేస్తాము, తప్పయితే ఇంకొకటి ప్రయత్నిస్తాము. నిజమైన ఆటలో ఆ భరోసా ఉండదు, రెండో ప్రయత్నమూ ఉండదు. అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: ఎత్తు తట్టడంతో సగం పనే అవుతుంది, ఆ ఎత్తుకు ఎదుటివారు ఇవ్వగలిగిన అత్యుత్తమ జవాబును మీరే వెతికి, దానికి కూడా సమాధానం చూపగలిగినప్పుడు మాత్రమే పజిల్ పూర్తయినట్టు లెక్క.

ముందు బోర్డు మీద పేర్చుకోండి

లీచెస్ వంటి సైట్లలో పజిల్స్‌ను అక్కడ జరిగిన నిజమైన ఆటల నుంచే తీస్తారు. ఫోన్‌లో చేయడం సులభమే అయినా, కనీసం రోజుకు రెండు మూడింటినైనా అసలైన బోర్డు మీద పావులు పేర్చి చేయమని నా సలహా, ఎందుకంటే టోర్నమెంట్ హాల్లో మీరు చూసేది పై నుంచి కనబడే బొమ్మను కాదు, ఎదురుగా నిలబడి ఒకదాని వెనక ఒకటి దాక్కునే పావులను. ఈ వ్యాసంలోని ఉదాహరణలను కూడా బోర్డు దగ్గర పెట్టుకుని చదివితేనే ఉపయోగం ఉంటుంది. నిలువు వరుసలను తెలుపు వైపు ఎడమ నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అనీ, అడ్డవరుసలను తెలుపు వైపు నుంచి 1 మొదలు 8 వరకూ రాశాను.

పేర్చాక వెంటనే ఎత్తు వెతకకండి. ముందుగా పావుల లెక్క చూడండి: ఎవరికి ఏది ఎక్కువ, ఎంత ఎక్కువ. మీరు ఒక ఏనుగు (రూక్) వెనకబడి ఉంటే ఒక బంటు గెలిచే ఎత్తు సరిపోదు. సరిసమానంగా ఉంటే మేట్ (రాజుకు తప్పించుకునే దారే లేని చెక్) కోసమే పట్టుబట్టనవసరం లేదు, ఒక పావు దక్కినా గెలుపే. చాలామంది ఈ లెక్క వేయకుండా మొదలుపెట్టి, దేని కోసం వెతుకుతున్నారో తెలియకుండానే వెతుకుతారు.

ప్రత్యర్థి ఆఖరి ఎత్తు ఏమి మార్చింది?

తెర మీద పజిల్ మొదలయ్యేటప్పుడు ముందుగా ప్రత్యర్థి పావు ఒకటి కదులుతుంది, ఆ తర్వాత మీ వంతు వస్తుంది. చాలామంది పిల్లలు ఆ కదలికను చూడనే చూడరు. నిజానికి గెలుపు తలుపు తెరుచుకునేది ఎక్కువగా అక్కడే. కదిలిన ప్రతి పావూ ఒక కొత్త గడిని కాపాడుతుంది, అంతవరకు కాపాడుతున్న ఏదో ఒక గడిని వదిలేస్తుంది. ఆ వదిలేసిన గడి ఏదో పేరుపెట్టి చెప్పండి. పిల్లలతో చేయిస్తున్నట్లయితే పైకి చెప్పించండి: "ఈ ఏనుగు సి1 నుంచి వెళ్లిపోయింది, కాబట్టి మొదటి వరుసకు ఇప్పుడు కాపలా తగ్గింది" అని నోటితో అన్న పిల్లలకు తర్వాతి పని సగం తేలికవుతుంది.

ఆ తర్వాత రెండు సంగతులు చూడాలి. మొదటిది, రెండు వైపుల రాజులకు తప్పించుకునే గడులు ఎన్ని ఉన్నాయన్నది. ముందు మూడు బంట్లూ కదలకుండా ఉన్న రాజు సురక్షితంగా కనబడతాడు కానీ, చివరి వరుసలోకి ఒక్క ఏనుగు చొరబడితే ఆ బంట్లే అతనికి గోడ అవుతాయి. రెండోది, ఎవరి కాపలా లేకుండా ఉన్న పావులు, లేదా ఒకే పావు రెండు పనులు చేస్తూ ఆపుతున్న చోట్లు. ఒక మంత్రి ఒకవైపు మొదటి వరుసను కాస్తూ, మరోవైపు వేరొక పావును కాపాడుతూ ఉంటే, దానికి మూడో పని అప్పగించే ఎత్తు కోసం వెతకండి. మీ సొంత రాజు బలహీనతను కూడా ఇప్పుడే గుర్తించి పెట్టుకోండి. అది ఎందుకో కొద్దిసేపట్లో తెలుస్తుంది.

బలవంతం చేసే ఎత్తులతో మొదలుపెట్టండి

ఎదుటివారికి జవాబుల సంఖ్యను తగ్గించే ఎత్తులను ముందుగా పరిశీలించాలి. చెక్‌లు (రాజు మీద నేరుగా దాడి చేసే ఎత్తులు), పావును కొట్టే ఎత్తులు, ఆ తర్వాత పెద్ద బెదిరింపులు. ఈ వరుసను కోచ్‌లందరూ చెబుతారు. కానీ ఇక్కడ ఒక విషయం మీద నేను పట్టుదలగా ఉంటాను: ఎంత అసంబద్ధంగా కనబడినా ప్రతి చెక్‌నూ ఒక్క క్షణమైనా చూడాలి. "మంత్రి ఊరికే పోతుంది కదా" అని చూడకుండా దాటేసిన చెక్‌లోనే జవాబు దాగి ఉండటం నిజమైన ఆటల్లో చాలాసార్లు జరిగింది.

1910లో వియన్నాలో రెటీ, టార్టాకోవర్ ఆడిన చిన్న ఆటను మొదటి ఎత్తు నుంచే బోర్డు మీద ఆడి చూడండి. రెటీది తెలుపు. ఇ4, సి6; డి4, డి5; తెల్ల గుర్రం సి3కి వస్తే, నల్ల డి బంటు ఇ4 బంటును కొట్టింది; ఆ బంటును గుర్రం కొట్టింది, నల్ల గుర్రం ఎఫ్6కి వచ్చింది; తెల్ల మంత్రి డి3, నల్ల బంటు ఇ5; తెల్ల డి బంటు దాన్ని కొట్టింది, నల్ల మంత్రి ఎ5 నుంచి చెక్ ఇచ్చింది; తెల్ల బిషప్ డి2లో అడ్డుపడింది, నల్ల మంత్రి ఇ5 బంటును కొట్టింది; తెలుపు మంత్రి వైపు కాస్లింగ్ చేసింది (రాజు సి1కి, ఏనుగు డి1కి), నల్ల గుర్రం ఇ4లోని తెల్ల గుర్రాన్ని కొట్టింది. ఇప్పుడు తెలుపు వంతు.

సహజంగా తట్టేది ఇ4 గుర్రాన్ని మంత్రితో కొట్టడం, కానీ ఇ5లోని నల్ల మంత్రి తిరిగి కొట్టేస్తుంది. ఏనుగును ఇ1కి తెచ్చి ఆ గుర్రాన్ని తిరిగి రాబట్టాలని చూడటం మామూలు దారి. అయితే పైన చెప్పిన ప్రశ్నలు వేయండి. నల్ల రాజు ఇంకా ఇ8లోనే ఉన్నాడు, చుట్టూ సొంత పావులే ముసిరి ఉన్నాయి. డి నిలువు వరుసలో తెల్ల ఏనుగు, దాని ముందు బిషప్, దాని ముందు మంత్రి ఉన్నాయి. ఉన్న చెక్‌లను లెక్కపెడితే డి8 దగ్గర మంత్రితో చెక్ కనబడుతుంది. రాజు దాన్ని కొట్టక తప్పదు. ఆ తర్వాత డి2 బిషప్ జి5కి వెళితే ఒకేసారి రెండు చెక్‌లు పడతాయి: బిషప్ నుంచి ఒకటి, తెరుచుకున్న వరుసలో ఏనుగు నుంచి ఒకటి. రెండు చెక్‌లు ఒకేసారి పడినప్పుడు అడ్డుపెట్టడమూ, కొట్టడమూ పనిచేయవు, రాజు కదలాల్సిందే. సి7కి వెళితే బిషప్ డి8కి వచ్చి మేట్, ఇ8కి వెళితే ఏనుగు డి8కి వచ్చి మేట్. ఆటలో రాజు సి7కి వెళ్లాడు, 11వ ఎత్తుకు అంతా ముగిసింది.

రాజుకు మిగిలిన గడులను లెక్కపెట్టే అలవాటు ఎంత దూరం పనిచేస్తుందో 2016లో న్యూయార్క్‌లో కార్ల్‌సన్, కర్యాకిన్ ఆడిన ప్రపంచ టైటిల్ టైబ్రేక్ ఆఖరి ఆట చూపిస్తుంది. నల్ల రాజు హెచ్7లో, తెల్ల ఏనుగులు సి8లో, ఎఫ్5లో ఉండగా, కార్ల్‌సన్ 50వ ఎత్తుగా మంత్రిని హెచ్6లో పెట్టి చెక్ ఇచ్చాడు. రాజు కొడితే ఒక ఏనుగు హెచ్8లో మేట్ చేస్తుంది, జి బంటు కొడితే రెండో ఏనుగు ఎఫ్7 బంటును కొట్టి మేట్ చేస్తుంది. ఇవి రెండే జవాబులు కాబట్టి లెక్క చిన్నదే. కష్టమంతా ఆ చెక్‌ను చూడటానికి సాహసించడంలో ఉంది.

అసలు పని: ఎదుటివారి కుర్చీలో కూర్చోవడం

ఇప్పటివరకు చెప్పింది ఎత్తు తట్టడానికి పనికొస్తుంది. ఇక తట్టిన ఎత్తును పరీక్షించడం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పజిల్స్‌లో బాగా రాణించేవారు కూడా నిజమైన ఆటలో తడబడేది ఈ చోటే. దీనికి 1914లో మాస్కోలో బెర్న్‌స్టైన్, కాపాబ్లాంకా ఆడిన ఆట కంటే మంచి పాఠం నాకు తెలియదు. కింది స్థితిని పేర్చండి.

తెలుపు: రాజు జి1, మంత్రి ఇ2, ఏనుగు సి3, బంట్లు ఎ2, ఇ3, ఎఫ్2, జి2, హెచ్2. నలుపు: రాజు జి8, మంత్రి బి6, ఏనుగు డి8, బంట్లు ఎ7, ఎఫ్7, జి7, హెచ్7. తెల్ల ఏనుగు ఇప్పుడే సి1 నుంచి వచ్చి సి3లో ఉన్న నల్ల ఏనుగును కొట్టింది. నలుపు వంతు, ఆడుతున్నది కాపాబ్లాంకా.

లెక్క చూస్తే తెలుపుకు ఒక బంటు ఎక్కువ. ఆఖరి ఎత్తు చూస్తే, మొదటి వరుసను కాస్తున్న చివరి ఏనుగు అక్కడి నుంచి వెళ్లిపోయింది. ఇప్పుడు డి1 గడిని కాపాడుతున్నది ఇ2లోని మంత్రి ఒక్కటే. సి3 ఏనుగుకు ఎవరి కాపలా లేదు. తెల్ల రాజుకు పారిపోయే గడి కూడా లేదు. కాబట్టి నలుపుకు ఏదో ఉందని ముక్కుకు వాసన తగులుతుంది. కానీ నల్ల రాజును కూడా చూడండి: అతనికీ ముందు మూడు బంట్లు కదలకుండా ఉన్నాయి, అతని చివరి వరుసను కాస్తున్నది డి8 ఏనుగు ఒక్కటే. ఈ స్థితిలో రెండు వైపులా ఒకే జబ్బు ఉంది.

ఇక చెక్‌లు. ఏనుగును డి1కి దింపి చెక్ ఇస్తే తెల్ల మంత్రి దాన్ని ఊరికే కొట్టేస్తుంది. మంత్రి బి1 నుంచి చెక్ ఇస్తే తెల్ల మంత్రి ఎఫ్1లో అడ్డుపడుతుంది. అప్పుడు ఉత్సాహంగా ఏనుగును డి1కి దింపితే తెల్ల ఏనుగు సి8కి వెళ్లి చెక్ ఇస్తుంది, అడ్డుపెట్టిన పావులన్నీ పోయాక మేట్ అయ్యేది నల్ల రాజే. మంత్రితో ఎ2 బంటును కొడితే పావులు సమానమవుతాయి, అంతే. అంటే ఇక్కడ చెక్‌లు దారి చూపలేదు. బలవంతపు ఎత్తులను ముందుగా చూడాలన్న నియమం చూసే వరుస గురించి చెబుతుంది. వాటినే ఆడాలని ఎక్కడా చెప్పదు. ఈ రెంటినీ కలిపేసుకున్నవారే "చెక్ ఉంది కదా" అని గెలుపును చేజార్చుకుంటారు.

కాపాబ్లాంకా ఆడిన ఎత్తు: మంత్రి బి2. చెక్ కాదు, దేన్నీ కొట్టలేదు. తెల్ల మంత్రి కొట్టగలిగిన చోట, ఏ కాపలా లేకుండా మంత్రిని పెట్టాడు. పజిల్‌గా చేసేవారు చాలామంది ఇక్కడే "దొరికింది" అని ముగించేస్తారు, ఎందుకంటే మంత్రి మంత్రిని కొడితే ఏనుగు డి1లో మేట్ చేస్తుందని అందరికీ కనబడుతుంది. ఇప్పుడు మీరు కుర్చీ మార్చండి. బెర్న్‌స్టైన్‌గా కూర్చుని, ఆటను కాపాడుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించండి.

మీకు తట్టే మొదటి జవాబు మంత్రిని ఇ1కి తీసుకెళ్లడం. మంత్రీ తప్పించుకుంటుంది, డి1కీ కాపలా ఉంటుంది. అప్పుడు నల్ల మంత్రి సి3 ఏనుగును కొడుతుంది. దాన్ని తెల్ల మంత్రి కొడితే ఏనుగు డి1లో చెక్, మంత్రి వెనక్కి ఇ1కి వచ్చి అడ్డుపడితే దాన్నీ కొట్టి మేట్. రెండో జవాబు ఏనుగును సి2కి దింపి నల్ల మంత్రి మీదికి వెళ్లడం. ఇక్కడ జాగ్రత్త: ఆ ఏనుగును నల్ల మంత్రి నేరుగా కొడితే తెల్ల మంత్రి సి2లో తిరిగి కొట్టి, అక్కడి నుంచి కూడా డి1ను కాపాడుతుంది, నలుపు ఓడిపోతుంది. సరైన దారి ముందు బి1లో చెక్ ఇవ్వడం. మంత్రి ఎఫ్1కి వచ్చాక అప్పుడు సి2 ఏనుగును తీసుకోవాలి.

మూడో జవాబు అన్నింటికంటే ప్రమాదకరమైనది. తెల్ల ఏనుగు సి8కి వెళ్లి నల్ల ఏనుగును కదలకుండా పట్టేస్తుంది. నలుపు సంతోషంగా ఇ2 మంత్రిని కొడితే, తెల్ల ఏనుగు డి8 ఏనుగును కొట్టి మేట్ చేస్తుంది. పోనీ నల్ల ఏనుగు సి8 ఏనుగును కొడితే తెల్ల మంత్రి బి2లోని మంత్రిని తీసుకుంటుంది. ఇక్కడ కూడా బి1 చెక్కే రక్షిస్తుంది: మంత్రి ఎఫ్1లో అడ్డుపడితే మంత్రులను మార్చుకుని, రాజు తిరిగి కొట్టాక సి8 ఏనుగును ఊరికే తీసుకోవచ్చు. నాలుగో జవాబు మంత్రిని డి3కి తీసుకెళ్లి, నల్ల ఏనుగు ఎదుటే నిలబెట్టడం. ఆ మంత్రిని ఏనుగు కొడితే సి8లో చెక్ పడి నల్ల రాజుకే మేట్. సి3 ఏనుగును మంత్రి కొడితే డి8లో మేట్. జవాబు ఎ1 నుంచి చెక్. మంత్రి ఎఫ్1కి తిరిగి వచ్చాక, సి3 ఏనుగు నల్ల మంత్రికి దక్కుతుంది.

ఒకే గెలుపు ఎత్తు, కానీ ఎదుటివారి జవాబును బట్టి కొనసాగింపు మారిపోతుంది, ప్రతి చోటా తొందరపడి వేసే ఎత్తు ఒకటి ఓటమికి దారి తీస్తుంది. బెర్న్‌స్టైన్ ఇవన్నీ చూసి అక్కడికక్కడే ఓటమి ఒప్పుకున్నాడు. పజిల్ సైట్లో ఈ స్థితి వస్తే మీరు బి2 ఆడగానే సైట్ ఏదో ఒక్క జవాబు మాత్రమే ఆడుతుంది. మిగిలిన మూడింటినీ మీరు చూడకుండానే పాయింట్లు వచ్చేస్తాయి. అందుకే సైట్ ఇచ్చే పచ్చగుర్తును నమ్మి ముగించకండి. మీ ఎత్తు సరైనదని తేలిన తర్వాత కూడా ఒక్క నిమిషం ఆగి, సైట్ ఆడని జవాబులను మీరు ఆడి చూడండి. సాధన అంతటిలోనూ అత్యంత విలువైన నిమిషం అదే.

లెక్కను ఎక్కడ ఆపాలి?

చెక్‌లు, కొట్టుకోవడాలు ఆగిపోయి, బోర్డు నెమ్మదించిన చోట ఆపాలి. అంతకంటే ముందు ఆపితే ప్రత్యర్థి చేతిలో ఇంకా ఒక చెక్ మిగిలిపోతుంది. ముఖ్యంగా ఓడిపోతున్న వైపు ఎప్పుడూ స్టేల్‌మేట్ (చెక్ లేకున్నా కదలడానికి ఎత్తే లేక ఆట డ్రా కావడం) కోసం వెతుకుతుందని గుర్తుంచుకోండి.

దీనికి 1895లో గ్లాస్గోలోని ఒక వారపత్రికలో వచ్చిన స్థితి నేటికీ తిరుగులేని ఉదాహరణ. 1875లో జరిగిన ఒక నిజమైన ఆట ముగింపు నుంచి దాని బీజం పుట్టింది. తెలుపు: రాజు బి6, బంటు సి6. నలుపు: రాజు ఎ1, ఏనుగు డి5. తెలుపు వంతు. బంటు సి7కి వెళుతుంది. నల్ల ఏనుగు డి వరుసలో దిగుతూ డి6, డి5, డి4, డి3ల నుంచి చెక్‌లు ఇస్తుంటే తెల్ల రాజు బి5, బి4, బి3 మీదుగా సి2కి వస్తాడు. అప్పుడు ఏనుగు డి4కి వెనక్కి వెళుతుంది. బంటును మంత్రిగా మారిస్తే ఏనుగు సి4లో చెక్ ఇస్తుంది, మంత్రి దాన్ని కొట్టగానే నల్ల రాజుకు కదలడానికి గడి లేక స్టేల్‌మేట్ అవుతుంది. ఇది డ్రా అనే అప్పట్లో ప్రచురించారు. గ్లాస్గోలో నివసించిన సావేద్రా అనే స్పానిష్ మతగురువు బంటును ఏనుగుగా మార్చాలని కనుగొన్నాడు. ఎ8లో మేట్ బెదిరింపును ఆపడానికి నల్ల ఏనుగు ఎ4కి రావాలి, అప్పుడు తెల్ల రాజు బి3కి వెళితే ఒకపక్క ఏనుగు పోతుంది, మరోపక్క సి1లో మేట్ ఉంది. బంటు చివరి గడికి చేరగానే గెలిచేశామని అనుకునే ప్రతివారూ ఈ స్థితిని కనీసం ఒకసారి సొంతంగా సాధించాలి.

కొన్నిసార్లు గెలుపు ఎత్తులో మెరుపేమీ ఉండదు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ 14వ ఆట ఆడుతున్నప్పుడు, నల్లపావులతో ఉన్న గుకేశ్‌కు ఒక బంటు అదనంగా ఉన్నా అందరూ డ్రా అనే అనుకుంటున్నారు. 55వ ఎత్తుగా డింగ్ ఏనుగును ఎఫ్2కి తెచ్చి ఏనుగుల మార్పిడికి ఎదురుపెట్టాడు. గుకేశ్ ఆ ఏనుగును కొట్టాడు, రాజు తిరిగి కొట్టాడు, ఆ తర్వాత నల్ల బిషప్ డి5కి వచ్చింది. ఎ8 మూలలో ఉన్న తెల్ల బిషప్‌కు ఆ ఒక్క వాలు తప్ప వేరే దారి లేదు కాబట్టి మార్పిడి తప్పలేదు. మిగిలిన రాజులు, బంట్ల ఆటలో నలుపు తేలికగా గెలుస్తుంది. 58వ ఎత్తులో నల్ల రాజు ఇ5కి రాగానే డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఎఫ్2 ఎత్తు తప్పని తనకు వెంటనే తట్టలేదని గుకేశే తర్వాత విలేకరులతో చెప్పాడు. పజిల్ అని ఎవరూ గంట కొట్టరు. ఎదుటివారి ఆఖరి ఎత్తు ఏమి మార్చిందన్న ప్రశ్న ప్రతి ఎత్తుకూ వేసే అలవాటు ఉంటేనే ఆ క్షణం పట్టుబడుతుంది. కాబట్టి మీరు చేసే పజిల్స్‌లో పావులన్నీ మార్చుకుని బంట్ల ఆటకు దిగేవి కూడా తప్పక ఉండేలా చూసుకోండి. పిల్లలకు అవి రుచించవు, కానీ నిజమైన ఆటల్లో పాయింట్లు తెచ్చేవి అవే.

గెలుపు లేని స్థితులను కూడా కలపండి

ఒక నోటుపుస్తకం పెట్టుకుని, పావు ముట్టుకోకముందే మీ ఎత్తును, ప్రత్యర్థి అత్యుత్తమ జవాబును, దానికి మీ సమాధానాన్ని రాయండి. రాసిన తర్వాతే జవాబు చూడండి. తప్పు వచ్చిన వాటి పక్కన కారణం ఒక మాటలో రాస్తే చాలు: చెక్ చూడలేదు, జవాబు చూడలేదు, సొంత రాజును మరిచాను. కొన్ని వారాలకు ఏ కారణం ఎక్కువగా తిరిగి వస్తున్నదో కనబడుతుంది, అప్పుడు దాని మీదే పనిచేయవచ్చు. మూడు నిమిషాల్లో వీలైనన్ని చేయాలనే పజిల్ పోటీలు తెలిసిన ఆకారాలను త్వరగా గుర్తుపట్టడానికి పనికొస్తాయి, కానీ ఈ పరీక్షించే అలవాటును అవి నేర్పవు; వాటిని ఆటవిడుపుగా మాత్రమే ఉంచండి.

సొంత ఆటల నుంచి పజిల్స్ తయారుచేసుకోవడం అన్నింటికంటే మేలు. టోర్నమెంట్‌లో రాసిన స్కోర్‌షీట్ తీసుకుని ముందు మీరే ఆటను తిరగేయండి, ఆ తర్వాతే ఇంజిన్‌ను (చదరంగం లెక్కలు వేసే కంప్యూటర్ ప్రోగ్రామ్) అడగండి. అంచనా ఒక్కసారిగా పైకో కిందికో దూకిన చోట మీరో, మీ ప్రత్యర్థో ఏదో వదిలేశారని అర్థం. ఆ స్థితిని ఒక కాగితం మీద గీసి, వెనక జవాబు రాసి, కొన్ని వారాలు పక్కన పెట్టి మళ్లీ తీయండి. ఇంజిన్ చెప్పిన ఎత్తు ఎందుకు గెలుస్తుందో అర్థం కాకపోతే, బోర్డు మీద మీరు ఓడే వైపు ఆడుతూ ఇంజిన్‌తోనే గెలిపించుకోండి. రెండు మూడు ఎత్తుల్లో కారణం బయటపడుతుంది.

ఇలా గీసిన కాగితాల్లో గెలుపు ఎత్తు అసలే లేని స్థితులను కూడా కలపండి. మంచి నెమ్మదైన ఎత్తు ఒకటి ఆడి ఆటను కొనసాగించాల్సిన స్థితులు, లేదా ఆకర్షణీయమైన బలి ఒకటి ఉండి అది పనిచేయని స్థితులు. ఇంట్లో అన్నదమ్ములో, అపార్ట్‌మెంట్‌లో తోటి ఆటగాళ్లో ఉంటే, ఒకరు తయారుచేసి ఇంకొకరికి ఇవ్వండి, ఏది ఏ రకమో చెప్పకండి. "ఇక్కడ ఏమీ లేదు, గుర్రాన్ని మంచి గడికి తెస్తాను" అని ధైర్యంగా రాయగలిగిన ఆటగాడికి, నిజంగా ఉన్న చోట అది కనబడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అతను రెండు సందర్భాల్లోనూ ఒకే శ్రద్ధతో చూస్తున్నాడు.

టోర్నమెంట్ రోజుకు సంబంధించి రెండు జాగ్రత్తలు. ఉదయం కఠినమైన పజిల్స్ పెట్టుకోకుండా, ఇదివరకే సాధించిన తేలికైనవి కొద్దిగా చేసి వెళ్లండి. ఇంట్లో ఎత్తును ముందుగా రాసి తర్వాత ఆడే అలవాటును హాల్లోకి తీసుకెళ్లకండి. డ్రా కోరే సందర్భాల్లో తప్ప, ఎత్తు ఆడిన తర్వాతే స్కోర్‌షీట్‌లో రాయాలన్నది అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే నిబంధన, ముందుగా రాస్తే ఆర్బిటర్ హెచ్చరిస్తారు. ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం కూడా అక్కడ ఉంటుంది కాబట్టి, ఎదుటివారి జవాబును చూసేంతవరకు రెండు చేతులనూ బల్ల కిందే ఉంచండి.